కునుకమ్మ చెవి

ఆగండాగండి, వెళ్ళిపోకండి, రెండే నిమిషాలు ఇది వినండి.

ఫిజియోథెరపీ గదిలో ఓ మూల స్టూల్ మీద ఒకావిడ రోజూ కళ్ళు మూసుకుని కూర్చునేది. పక్కన చేతికర్ర.

కాలినొప్పితో అక్కడికొచ్చే ఓ డాన్సర్ అమ్మాయి ఆవిడకి పెట్టిన పేరు కునుకమ్మ.

ఆ రోజు అమ్మాయికి కావాల్సింది ఒక్క చీటీ. 'ఆడొచ్చు' అని ఫిజియో రాసిస్తే ఆదివారం షోలో మెయిన్ రోల్ తనదే. లేదంటే అది పక్కమ్మాయికి పోతుంది.

"ఎక్స్‌రేలో ఏం లేదు. నొప్పుందా?" అడిగాడు ఫిజియో.

"అస్సల్లేదు సార్." అబద్ధం. పళ్ళు బిగపట్టి నవ్వింది.

"అయితే ఈ చెక్క మీద ఎగురు. ఈ కాలితో పది, ఆ కాలితో పది."

ఎగిరింది.

"కుడికాలు భయపడుతోందమ్మా," కళ్ళు తెరవకుండానే, చెక్క చప్పుడు విని అంది కునుకమ్మ. "దిగడానికి తటపటాయిస్తోంది. ఎముకలో చీలికుంది. మొదట్లో అది ఫొటోకి దొరకదు. కొన్నాళ్ళు ఆడకు."

అమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"కర్ర లేనిదే నడవలేరు, మీరు నాకు చెప్తున్నారా? సార్, కునికేవాళ్ళతో వైద్యమేంటి? ఈవిడుంటే నేను రాను. మా ట్రూప్‌లో ఎవరూ రారు."

ఫిజియో తల దించుకున్నాడు. వచ్చే పేషెంట్లలో సగం ఆ ట్రూప్ వాళ్ళే మరి.

ఆవిడ కర్ర అందుకుంది. టక్, టక్, టక్. వెళ్ళిపోయింది.

చీటీ మీద సంతకం పడింది.

ఆదివారం, రెండో పాటలో, ఎముక విరిగిన చప్పుడు ముందు వరస దాకా వినపడింది.

మూడు నెలల తర్వాత అమ్మాయి మళ్ళీ ఆ గదికి వచ్చింది. చంకల్లో రెండు కర్రలు. స్టూల్ ఖాళీ.

"ఆవిడ్ని ఒక్కసారి పిలవండి సార్. మళ్ళీ ఎప్పుడు ఆడొచ్చో విని చెప్పమనండి."

"అడిగాను. 'ఆ కాలిలో ఇక వినడానికేం లేదు' అంది."

అమ్మాయి తల తిప్పుకుంది. గోడకున్న లైటు పెట్టెలో ఓ ఎక్స్‌రే. అదే ఎముక, అదే చోట విరిగింది.

"నాదా సార్?"

"కాదు, ఇరవయ్యేళ్ళ నాటిది. నేను రాసిన మొట్టమొదటి 'ఆడొచ్చు' చీటీ మా అక్కకే. అప్పట్నుంచి ఆ స్టూల్ మీద కూర్చుని తను విని సరేనంటేనే నా పెన్ను కదిలేది, నీ ఒక్కదానికి తప్ప."

నిజం చెప్పండి, ఆ రోజు ఆ చెక్క మీద మీరే ఉంటే చీటీకి చెయ్యి చాచేవారా, స్టూల్ వైపు తిరిగేవారా?