పోని జబ్బు

“ఎన్నాళ్లు పొడవాల డాక్టరుగారూ ఈ సూది?” అడిగాడు రంగనాయకులు. అది 1963. కోట అనే ఊళ్లో పదెకరాల మాగాణి ఉన్న రైతతను.

“మీ అమ్మగారు బతికున్నంత కాలం. చక్కెర జబ్బు అదుపులో ఉంటుంది గానీ, పూర్తిగా పోదు.”

రంగనాయకులు పెదవి విరిచాడు.

“పోయే జబ్బయితే ఎంతైనా పెడతా. పోని జబ్బుకు నెలనెలా పెట్టడమంటే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే గదా.”

బల్ల మీద పడుకున్న ఆదిశేషమ్మ నింపాదిగా లేచి కూర్చుంది.

“ఆకలి కూడా పోయే జబ్బు కాదబ్బయా. నీకు పూటపూటా పెట్టినా. చిల్లికుండని అనుకోలా.”

అతను డాక్టరు వైపు చూసి ఇబ్బందిగా నవ్వాడు. “పెద్దది గదా, ఏదో అంటా ఉంటది.”

ఆమె కొడుకు వైపు చూడలేదు.

“మనుబోలులో మా పుట్టింటోళ్లు పసుపుకుంకాల కింద ఇచ్చిన రెండెకరాలు నా పేరునే ఉండాయి డాక్టరుగారూ. ఇకమీదట ఆ కౌలు నాకే ఇమ్మని చెప్పిస్తా. మందు రాయండి.”

రంగనాయకులు నవ్వు ఆగిపోయింది. “ఆ కౌలు ఇన్నాళ్లూ ఇంటికే వాడినా గదమ్మా.”

“వాడినావులే.”

డాక్టరు మందు రాసి, “రోజూ సూది వెయ్యడం మీ అబ్బాయికి నేర్పిస్తానమ్మా” అన్నాడు.

“వాడి చేత్తో నాకొద్దు, నాకే నేర్పండి” అంది ఆదిశేషమ్మ, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ.