సొంత వాక్యం

"మాస్టారూ, మాట ఆపొద్దు!" అంది స్పీచ్ థెరపిస్ట్.

ఆపరేషన్ టేబుల్ మీద ఇంగ్లీషు మాస్టారు మెలకువగానే ఉన్నారు. తెర అవతల సర్జన్ ఆయన తల తెరిచి, మెదడులోని గడ్డను కొంచెం కొంచెంగా తీస్తున్నాడు. మాటలు పుట్టే చోటుకి ఆనుకునే ఉంది ఆ పాడు గడ్డ. మాట తడబడిందంటే సర్జన్ చెయ్యి ఆగాలి. అది కనిపెట్టి చెప్పాల్సింది తనే కాబట్టి, ఆ అమ్మాయి కళ్లార్పకుండా ఆయన పెదవుల్నే చూస్తోంది.

ఆమె ఒక ఇంగ్లీషు పదం అందిస్తే, ఆయన దాని అర్థం, పుట్టుక, వాడుక చెప్పాలి. వాక్యం మాత్రం సొంత జీవితంలోంచే రావాలన్నది మాస్టారు క్లాసులో పెట్టిన నియమమట. తల తెరిచినా ఆ పట్టు సడలలేదు. "కల్పించిన వాక్యానికి సున్నా వేసేవాణ్ణమ్మాయ్" అన్నారు ముందే.

"కంపానియన్" అందించింది ఆమె.

"సహచరుడు. లాటిన్‌లో 'కామ్' అంటే కలిసి, 'పానిస్' అంటే రొట్టె. మనతో కూర్చుని రొట్టె పంచుకు తినే మనిషన్నమాట."

"బాగుంది. వాక్యం?"

పెదవులు విడివడ్డాయి. మాట రాలేదు.

"ఆపండి డాక్టర్!"

సర్జన్ చెయ్యి వెనక్కి తీశాడు. తీశాక మాట తిరిగి రావాలి. రాలేదు. మాస్టారు పైకప్పు కేసి చూస్తూ ఉండిపోయారు. ఆమె ఆయన మీదికి వంగింది.

"మాస్టారూ, ఏదో ఒకటి అనండి. పోనీ, నన్ను తిట్టండి!"

ఆయన కంటికొసల నుంచి నీళ్లు మాత్రం చెవుల మీదికి జారాయి.

"ఇక చాలు" అన్నాడు సర్జన్ నీరసంగా. "మిగిలింది వదిలేసి మూసేద్దాం."

"మళ్లీ పెరుగుతుంది కదా సార్!"

"ఇంకా లోపలికెళ్తే మనిషికి మాటే మిగలదు. బయట భార్య, ఇద్దరు కొడుకులు, కోడళ్లు, ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. వాళ్లకి నా మొహం ఎలా చూపించను?"

మాస్టారి చెయ్యి దుప్పటి కింది నుంచి వచ్చి, ఆమె వేళ్లు పట్టుకుంది.

"మూసెయ్యకండి డాక్టరుగారూ, నా మాటకేం కాలేదు" అన్నారాయన, తొణక్కుండా. "వాళ్లందరిలో రోజూ నా పక్కన కూర్చుని తినేది ఎవరా అని వెతుకుతున్నాను. వాక్యానికి ఒక్కరూ దొరకలేదు."