ఉల్లిపొరలో వంకర పోగు

“ఏదీ, పోగేదీ?” లెక్చరరు ఎర్ర పెన్నుతో రికార్డు మీద టకటకా కొట్టాడు.

“నాకు కనబడలేదు సార్.”

“పదకొండు మందికి కనబడింది. నీ ఒక్కదానికే కనబడలేదా?”

ఆ అమ్మాయి తల వంచుకుంది గాని తప్పు ఒప్పుకోలేదు. ప్రతి పాఠంలోనూ చెయ్యెత్తుతుందని క్లాసులో ఆమెను డౌటమ్మ అంటారు. ఆ రోజు ప్రాక్టికల్ పరీక్ష. పన్నెండు మైక్రోస్కోపులు, పన్నెండు మంది పిల్లలు. ఉల్లిపొరను లెన్సు కింద పెట్టి, కనబడింది కనబడినట్టు గీయాలి. డౌటమ్మ బాగానే గీసింది. ఇటుకల వరసలా కణాలు, వాటి గోడలు, ఒక్కో కణంలో ఓ మూలకు ఒదిగిన కేంద్రకం. పోగు తప్ప అన్నీ ఉన్నాయి.

పోగు అంటే కణాల మీదుగా కొడవలిలా వంగి కనబడే నల్లటి గీత. అది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. లెక్చరరు తానే కనిపెట్టాడు. గోడకున్న పటంలో సొంత చేత్తో గీసి, బాణం గుర్తు కూడా పెట్టాడు. “పుస్తకాలు రాసేవాళ్ళు వేరే పుస్తకాలు చూసి రాస్తారు. నేను కళ్ళతో చూసి చెబుతున్నాను” అనేవాడు.

“పోగు లేకపోతే సున్నా. సున్నా వస్తే నీకీ ఏడాది పోయినట్టే. తెలుసుగా?”

“తెలుసు సార్. చూసిందే గీయమని మీరే కదా చెప్పారు.”

వెనకనుంచి స్నేహితురాలు మోచేత్తో పొడిచింది. “ఒసేయ్, సారు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నువ్వూ మూడే అని ఓ గీత గీసెయ్యవే!”

“నాలుగోది కనబడుతుంటే ఎలాగే?”

ఎవరో కిసుక్కున నవ్వారు. లెక్చరరు సున్నా చుట్టేశాడు. గుండ్రంగా, రెండుసార్లు.

డౌటమ్మ కళ్ళు తుడుచుకుంది. “సార్, ఒక్క డౌటు.”

“ఇంకానా!”

ఆమె స్నేహితురాలి మైక్రోస్కోపు దగ్గరికి వెళ్ళింది. “పోగు ఉల్లిపొరలోదే అయితే, పొరను జరిపితే అదీ జరగాలి కదా సార్? మీరు చూస్తూ ఉండండి, నేను జరుపుతాను.”

దీని నోరు మూయించినట్టు ఉంటుందని లెక్చరరు కన్ను పెట్టాడు. కణాలు వరసలు వరసలుగా పక్కకు వెళ్ళిపోయాయి. పోగు ఉన్నచోటే ఉంది.

“ఇప్పుడు మీరు కన్ను పెట్టిన గొట్టం తిప్పుతున్నాను సార్.”

కణాలు కదల్లేదు. పోగు మాత్రం గడియారం ముల్లులా గిర్రున తిరిగింది.

ఆయన ఆ గొట్టం పైమూత విప్పాడు. లోపల, బంక చుక్కతో అతికించిన చిన్న వెంట్రుక ముక్క. పక్క మైక్రోస్కోపు విప్పాడు. అందులోనూ అంతే. వరసగా పదకొండూ విప్పాడు. వెంట్రుక దానంతటదే పడుతుంది గాని, బంక దానంతటదే పడదు.

“ఎవరి పని ఇది?”

మూలన గాజుపలకలు తుడుస్తున్న ల్యాబు అటెండరు గుడ్డ పక్కన పెట్టి లేచాడు. నడివేసవిలో కూడా నెత్తిన టోపీ తీయడని పిల్లలు ఆయన్ని టోపీ తాత అంటారు.

“నాదేనండీ.”

“నువ్వా? ఎందుకు?”

“ఆరేళ్ళ కిందట ఈ కొత్త మైక్రోస్కోపులు వచ్చాయి కదండీ. మీ పాతదాంట్లో ఓ వెంట్రుక చిక్కుకుని ఉండేది. వీటిలో లేదు. ఆ ఏడు ఒక్క బిడ్డకీ పోగు కనబడలేదు. ఈ కాలం పిల్లలకు చూపే లేదని మీరు అందరికీ సున్నాలు వేశారు. పాపం, మెట్ల మీద కూర్చుని ఒకటే ఏడుపండీ. చూడలేకపోయాను. అప్పట్నుంచీ పరీక్షకు ముందు ఒక్కోదాంట్లో ఒక్కోటి అతికిస్తున్నాను. పరీక్ష అయ్యాక తుడిచేస్తాను.”

“నాకు చెప్పొచ్చుగా!”

“మీకా అండీ?” అన్నాడు తాత.

లెక్చరరు కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు గోడకున్న పటం వంక చూశాడు. తర్వాత డౌటమ్మ రికార్డు దగ్గరికి లాక్కుని, సున్నా కొట్టేసి పూర్తి మార్కులు వేశాడు. మిగతా పదకొండు రికార్డులూ తిరగేశాడు. వాటిలో ఒక్క మార్కూ తగ్గించలేదు. వాళ్ళూ కనబడిందే గీశారు.

లేచి, పటాన్ని మేకు నుంచి తీసి చాపలా చుట్టేశాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

“అన్నిట్లో పెట్టినవాడివి, ఈ పిల్ల మైక్రోస్కోపులో ఎందుకు పెట్టలేదయ్యా?”

తాత మొదటిసారి ల్యాబులో టోపీ తీశాడు. ట్యూబులైటు వెలుగులో నెత్తి తళతళా మెరిసింది.

“ఈ ఏడు పదకొండే మిగిలాయండీ.”