అదిరే చెంప

తల్లి ఇంట్లో లేనప్పుడు వంటింటి గోడే తల్లి రూపం తెచ్చుకోవడం ఇప్పుడు అన్ని ఇళ్లలోనూ మామూలే. నళిని ఆసుపత్రి నుంచి వచ్చేసరికి, గోడ మీది నళిని కబుర్లు చెబుతూ కూతురు తన్వి చేత పెరుగన్నం తినిపిస్తోంది. దాని ఎడమ చెంప కంటిదాకా అదురుతోంది.

నళిని చెంప కూడా మొన్నటిదాకా అలాగే అదిరేది. నరాన్ని రక్తనాళం నొక్కుతోందని డాక్టర్లు ఆపరేషన్ చేసి మధ్యలో చిన్న మెత్త పెట్టారు. ఇప్పుడు అదురు లేదు.

"రా బంగారం!" అని నళిని చేతులు చాచింది.

తన్వి అలవాటుగా తల్లి చెంపకు అరచెయ్యి ఆనించింది. ఏమీ కదల్లేదు. చెయ్యి వెనక్కి లాక్కుంది.

నళిని బలవంతాన కన్ను అదిరించింది.

"ఛీ, కావాలని చేస్తున్నావ్ ఆంటీ!"

పిల్ల పరుగెత్తి గోడ చెంప మీద చెయ్యి పెట్టింది. ఆ చేతి కింద అదురు ఎప్పటిలాగే మెల్లగా సద్దుమణిగింది.

"ఇక చాలు, ఆగిపో," అని నళిని గోడను ఆజ్ఞాపించింది.

గోడ ఆమె ముఖాన్ని కాసేపు పరికించి చూసింది. తర్వాత ఆమె గొంతుతోనే తన్వితో మెత్తగా అంది:

"అలా అనకూడదు కన్నా. ఆంటీ అలిసిపోయి వచ్చారు. కంచం పెట్టు."