ఏడు కిర్రులు

"చప్పుడు తీసేశావా?" అన్నాడు బావ, హెడ్‌ఫోన్ మెడ మీదికి లాక్కుంటూ.

మరదలు తలూపింది. రికార్డు చేసిన వయొలిన్ మధ్యమధ్యలో కుర్చీ కిర్రుమంటోంది. ఏడుసార్లు. ఏడూ అచ్చుగుద్దినట్టు ఒక్కలాగే ఉన్నాయేమో, ఒకటి దొరికాక మిగతావి తీసేయడం ఎంతసేపో పట్టలేదు. మెచ్చుకుంటాడనుకుంది.

మెచ్చుకోలు సంగతి దేవుడెరుగు.

"నువ్వు చేసింది శుభ్రం కాదు. శవానికి స్నానం."

"చప్పుడే కదా బావా..."

"ఇక్కడ బావా గీవా లేదు."

బావ లెక్కలో రికార్డింగ్ ఇంజనీరు అనదగ్గవాడు ఊరు మొత్తానికి ఒక్కడే. ఆ ఒక్కడూ ఎవరని అడగాల్సిన పని ఎవరికీ పడలేదు. మిగతావాళ్లంతా కత్తెరగాళ్లు. ముప్పైసార్లు పాడించి, ముక్కలు కోసి, బొంత కుట్టి, దాన్ని పాట అంటారని ఆయన చీదరింపు. తనకైతే రెండు మైకులు, ఒక గది, ఒకే విడత. ఉన్నది ఉన్నట్టు. రికార్డింగప్పుడు ఈగని కూడా లోపలికి రానివ్వడు. రెండో మనిషి ఊపిరి పీల్చినా గది గొంతు మారిపోతుందట. ఈ మాట విన్నప్పుడల్లా అక్క, "ఈయన గురకకి మా గది గొంతు ఏనాడో బొంగురుపోయింది" అనేది.

రికార్డింగ్ రోజున ఆ కుర్చీని ఇంటి నుంచి మోసుకొచ్చింది కూడా మరదలే. అక్క వంటింట్లోది, కాలు వదులై, ముట్టుకుంటే మూలుగుతుంది. వయొలిన్ వాయించే పెద్దాయనకి మెత్తటి కుర్చీలు పడవనీ, చెక్కది కావాలనీ బావ ఫోన్ చేశాడు. తలుపు దగ్గరే కుర్చీ అందుకుని, ఆమెని అటునుంచి అటే పంపేసి, ఎర్ర లైటు వేసేశాడు.

ఇప్పుడు పంచాయితీ స్టూడియో యజమాని దగ్గరికి వెళ్లింది. మరదలి మూడు నెలల పరీక్షా గడువు ఆ రోజుతో ఆఖరు. ఉద్యోగం ఉంచేదీ ఊడగొట్టేదీ యజమానే. కాకపోతే ఆయన చెవులు మాత్రం బావ చేతిలో ఉన్నాయి.

యజమాని రెండూ విన్నాడు. ఆమె శుభ్రం చేసినది వింటూ ఫోన్ చూసుకున్నాడు. బావది మొదలై మొదటి కిర్రు వినపడగానే ఫోన్ పక్కన పెట్టి ముందుకి వంగాడు.

"మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉందయ్యా."

"పై స్వరానికి ఎగబాకే ముందు ఒళ్లు సర్దుకుంటారు సార్. ఆ కిర్రులోనే ఆయన ప్రాణం ఉంది." బావ మరదలి వైపు పెదవి విరిచాడు. "దాన్ని చెత్తనుకునే చెవులు మనకెందుకు?"

ఎందుకులే అన్నాడు యజమాని. తాళంచెవులు బల్ల మీద పెట్టి వెళ్లమన్నాడు. ఆ మాట కూడా ఆమె మొహం చూసి చెప్పలేదు. ఆమె పెట్టింది. చెవులు చిన్నగా గలగలమన్నాయి.

"విన్నారా, ఇదీ నిజమైన చప్పుడంటే," అని బావ నవ్వాడు.

అప్పుడే వయొలిన్ పెద్దాయన వచ్చాడు, తన రికార్డు వినిపోదామని. యజమాని ఎదురెళ్లి సోఫా చూపించాడు. వద్దని చేత్తోనే వారించి, గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు పెద్దాయన. బావ తన రికార్డు మళ్లీ పెట్టాడు. మొదటి కిర్రుకి కళ్లు తెరిచాడు. రెండోదానికి గది నాలుగు మూలలా చూశాడు. ఏడూ అయ్యేదాకా ఓపిగ్గా విని, మధ్యలో ఆ చప్పుడేమిటని అడిగాడు.

"మీ కుర్చీనండీ," అన్నాడు యజమాని గొప్పగా. "మీరు కదిలినప్పుడల్లా పలికింది. మావాడు ఒక్కటి కూడా పోనివ్వలేదు."

"చాలా బాగుంది బాబూ," అన్నాడు పెద్దాయన మొహమాటపడుతూ, "కానీ ఈ నడుముతో కూర్చోలేక ఆ రోజంతా నేను నిలబడే కదా వాయించాను."