మేతకా, సంతకా

ఓబులేసు కూతురి దవడ కింద రెండు వేళ్లు పెట్టి మెల్లగా నొక్కాడు.

నలభై ఏళ్లు గొర్రెల గొంతులు తడిమిన వేళ్లవి. రేగిపండంత గడ్డ తగిలింది. నొక్కినా కదల్లేదు.

"నొప్పుందా?"

"లేదు నాయనా."

నొప్పి లేని గడ్డంటేనే ఆయనకు భయం. లేదనగానే ముఖం మారింది.

కళ్యాణదుర్గం నుంచి ఆయన కెనడాలోని రెజైనాకు వచ్చి ఎనిమిది రోజులు. అల్లుడు ట్రక్కు నడుపుతాడు, రెండు వారాలకోసారి ఇంటికొస్తాడు. ఇంట్లో ఉండేది కూతురు చంద్రిక, ఆరేళ్ల మనవరాలు ధాత్రి.

"డాక్టరుకు చూపించినావా?"

"చూపించా. గురువారం బయాప్సీ. సూది పెట్టి చిన్న ముక్క తీసి టెస్ట్ చేస్తారంట. నాలుగు నెలలు వెయిట్ చేస్తే దొరికింది అపాయింట్‌మెంట్."

"మంచిదే కదా. నేనూ వస్తా."

చంద్రిక స్టవ్ వైపు తిరిగింది.

"పాస్టర్ గారు నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేద్దామన్నారు. అంతవరకూ సూది వద్దన్నారు."

ఆ ఊళ్లో కొద్దిమంది తెలుగువాళ్లు కలిసి నడుపుకునే ప్రార్థన సంఘానికి యోగానంద్ పాస్టరు. వారమంతా ఆఫీసు, ఆదివారం బైబిలు వాక్యం చెప్పడం.

ధాత్రి ఏడో నెలలోనే పుట్టి అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు, పంతొమ్మిది రోజులు ఆఫీసు నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చి మోకరించింది ఆయనే.

బిడ్డ బతికింది.

అప్పటి నుంచి చంద్రిక ఆయన మాట జవదాటలేదు.

ఆదివారం ఓబులేసు కూడా వెళ్లాడు. అద్దెకు తీసుకున్న స్కూలు జిమ్‌లో, బాస్కెట్‌బాల్ హూప్ కింద నిలబడి యోగానంద్ కాపరి గురించి, మంద గురించి చెప్పాడు. గొంతు మెత్తగా ఉంది. చెప్తూ చెప్తూ ఆగి, వెనక వరుసలోకి చూశాడు.

"మన మధ్య నిజమైన కాపరి ఒకరున్నారు. చంద్రిక సిస్టర్ వాళ్ల నాన్నగారు. పెద్దాయనా, ఇలా రండి. కాపరంటే ఎవరో మీ నోటితోనే విందాం."

అందరూ చప్పట్లు కొట్టారు.

ఓబులేసు మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు. కూతురి వైపే చూస్తూ చెప్పాడు.

"నేను కూతేస్తే గొర్రెలన్నీ వస్తాయి. యాడున్నా వస్తాయి. మేతకు పిలిచినా అదే కూత. సంతకు తోలినా అదే కూత. యాటికని ఒక్కటీ అడగలేదు."

కొందరు నవ్వారు.

"నేను వాటిని సాకినాను. రాత్రీపగలూ కనిపెట్టుకొని ఉన్నాను. అది అబద్ధం కాదు. మళ్లా నేనే అమ్మినాను. అదీ అబద్ధం కాదు."

నవ్వులు ఆగిపోయాయి.

"ఇంకొక మాట. గొంతు కింద వాపు కనిపిస్తే ఆ పొద్దే పట్టుకొని చూస్తాము. రేపు చూద్దామంటే ఆ జీవం మనకు దక్కదు."

చంద్రిక తల వంచుకుంది.

యోగానంద్ దగ్గరికి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి.

"ఎంత గొప్ప సత్యం చెప్పారు పెద్దాయనా! గొర్రె అడగదు. మేతకా, సంతకా అని అడగదు. పిలిస్తే వస్తుంది. విధేయత అంటే అదీ!"

"ఆమెన్" అన్నారందరూ.

ఆ గొంతుల్లో కూతురి గొంతు ఓబులేసుకు విడిగా వినిపించింది.

కారు ఇంటిదారి పట్టింది. వెనక సీట్లో ధాత్రి నిద్రపోయింది.

"నేను చెప్పింది అది కాదమ్మా."

"తెలుసు నాయనా."

"తెలిసే ఆమెన్ అంటివా?"

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. చంద్రిక స్టీరింగ్ వదల్లేదు.

"ఇది పుట్టినప్పుడు నువ్వు లేవు నాయనా. ఆయన ఉన్నారు."

అప్పట్లో ఓబులేసు వీసా రెండుసార్లు రిజెక్ట్ అయిన సంగతి ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఆయన అనలేదు.

మంగళవారం ఆయన ఇంకొకసారి అడిగాడు.

"ప్రార్థన చెయ్యి, నేనొద్దనను. సూదీ పొడిపించుకో. రెండూ చెయ్యకూడదని యాడుంది?"

"రెండూ చేస్తే నమ్మకం ఎట్లవుతుంది?" అంది చంద్రిక, ధాత్రికి జడ వేస్తూ.

గురువారం పొద్దున ధాత్రి స్కూలు బస్సెక్కి వెళ్లిపోయింది.

ఓబులేసు స్నానం చేసి, అల్లుడి మందపాటి కోటు వేసుకున్నాడు. బూట్లు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది. వాకిలి పక్కనున్న బల్ల మీద వచ్చి కూర్చున్నాడు.

చంద్రిక నైటీలోనే హాల్లోకి వచ్చింది.

"ఎక్కడికి నాయనా?"

"ఆసుపత్రికి. పదకొండుకంటివి గదా."

"నిన్ననే ఫోన్ చేసి క్యాన్సిల్ చేశా."

ఆయన తల ఊపాడు, ఎవరో పక్కింటి సంగతి చెప్పినట్టు.

"మళ్లా ఎప్పుడిస్తారంట?"

"మార్చి తర్వాతే అన్నారు."

బయట మొదటి మంచు పడుతోంది. అది నవంబరు.

"ఉప్మా చేశా. నాకు ఉపవాసం. నువ్వు తిను, చల్లారిపోతుంది."

ఆయన కదల్లేదు.

ఆమె ప్లేటు తెచ్చి పక్కన పెట్టింది. కాసేపు చూసింది. వంగి ఆయన బూటు లేసు విప్పబోయింది. ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు.

ఆమె గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. లోపల సన్నగా ప్రార్థన మొదలైంది.

హీటర్ వేడికి ఆయన మెడ మీద చెమట కారుతోంది.

పదకొండు దాటింది.

ఓబులేసు కోటు విప్పలేదు.