మెట్టు మీద నిలబడే మనిషి

ఉదయం ఎనిమిదింపావు. పుత్తూరు నుంచి తిరుపతి పోయే బస్సులో కోమలి తన కూతురు నిస్సీని తొడ మీద గిల్లింది.

"ఎక్కం సెప్తా సెప్తా మళ్ళీ యాడికి పోయినావే?"

మూడో తరగతి చదివే నిస్సీ కిటికీ వైపే చూస్తోంది. కాసేపటికి రెప్పలార్పింది.

"ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది," అంది, మధ్యలో ఏమీ జరగనట్టు.

"క్లాసులో ఇట్లే ఉంటే రెండో తరగతిలోకి దించేస్తారంట. సిగ్గులేదా నీకు?"

"గిల్లొద్దమ్మా."

అన్నది మెట్టు దగ్గర నిలబడిన నడివయసు ఆడమనిషి. సీట్లు ఖాళీగా ఉన్నా ఆమె రోజూ తలుపుకు అడ్డంగా అక్కడే నిలబడుతుంది.

"నువ్వు పిలిచింది పాపకి ఇనపడలే. అది మూర్ఛ. డాక్టరుకి సూపించు."

కోమలి లేచింది.

"నలుగురిలో నా బిడ్డకి రోగం అంటగడతావా? ఎవురు నువ్వు?"

ఆమె పాప వైపే చూస్తూ నిలబడింది.

"ఆడోళ్ళకి ఫ్రీ గదక్కా, పనీపాటా లేక తిరగతా ఉండాది," అన్నాడు కండక్టరు గిరి. "దోవకడ్డం. దిగమ్మా, దిగు."

వడమాలపేటలో ఆమె దిగింది. నిస్సీ చెయ్యి ఊపింది.

నెల తిరక్కముందే ఒకరోజు నిస్సీ చేతిలో గ్లాసు జారింది. వేడి పాలు కాళ్ళ మీద ఒలికినా పాప కదల్లేదు.

తిరుపతిలో డాక్టరు ఊదితే తిరిగే కాగితం పంకా ఒకటి ఇచ్చి, ఆపకుండా ఊదమన్నారు. ఊదుతూ ఊదుతూ నిస్సీ శూన్యంలోకి చూస్తూ ఆగిపోయింది.

"ధ్యాస లేక కాదమ్మా," అన్నారు డాక్టరు. "మూర్ఛలో ఇదొక రకం, ఇట్లా ఊదిస్తే బయటపడుతుంది. మందులతో తగ్గుతుంది. రోజుకు ఎన్నోసార్లు ఇట్లా పోయొస్తుంటే పాఠం ఎట్లా అందుతుంది?"

మర్నాడు కోమలి బస్సెక్కి మెట్టు దగ్గరే ఆగింది.

"ఆమె యాడ?"

"ఆ పొద్దు దిగినాక మళ్ళీ ఎక్కలేదక్కా," అన్నాడు గిరి.

"ఏ ఊరు?"

"తెలీదు."

"ఫ్రీ లేనప్పుడు గూడా టికెట్టు కొని తిరిగేది," అన్నాడు డ్రైవరు దయానంద్, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా. "స్కూలు పిల్లోళ్ళు ఎక్కేటప్పుడు ఎక్కేది. వాళ్ళు దిగినాక దిగేది."

"ఎందుకన్నా?"

దయానంద్ గేరు మార్చాడు.

"శానా ఏండ్ల కింద, ఆ పొద్దు గూడా బండి తోలింది నేనేమ్మా. మీ పాప మాదిరే ఆమె బిడ్డ ఈ మెట్టు మీద సూస్తా సూస్తా నిలబడిపోయి, పోతా ఉండే బండిలోంచి కింద పడిపోయినాది."